ఊడిన కప్లరు

బోర్డులు రాసే పెయింటరు తన పాత మోటార్‌సైకిలు షెడ్డు ముందు ఆపి, దిగుతూనే అన్న మొదటి మాట, "వైరు మాత్రం కొయ్యొద్దు" అని. షెడ్డులో కరెంటు పని చూసే టెస్టరు నొచ్చుకున్నాడు. వంటమనిషి దగ్గరికి వచ్చి ఉప్పు మరిచిపోవద్దని చెప్పినట్టుంది ఆ మాట. మిగతా షెడ్లలో పంటితో వైరు తొక్క గీకి, మెలేసి, టేపు చుట్టి పంపిస్తారేమో గానీ, తన చేతిలోకి వచ్చిన ఏ బండికీ అతను వైరు కోసి ఎరగడు. ఆ సంగతి అందరికీ తెలియాలని లోలోపల కోరిక. తెలియనివాళ్లు ఇంకా మిగిలి ఉన్నారంటే కాస్త కష్టంగానే ఉంటుంది.

"ఫోనుకి ఛార్జింగు పాయింటు పెట్టాలి, అంతే," అన్నాడు పెయింటరు. "ఏ గోడ ఎక్కడుందో ఫోన్లో చూసుకుంటూ పోతున్నానా, సగం దారిలో అది కాస్తా కళ్లు తేలేస్తోంది. అలాగే వెనక బ్రేకు షూలు బాబాయిని మార్చమనాలి."

"కొయ్యనండీ బాబూ. మీ బండిలో బ్రహ్మచారి ఒకడు ఉంటాడు. వాడికి పెళ్లి చేసి పంపిస్తాను."

పెయింటరు తెల్లమొహం వేశాడు. పక్కనే పీట మీద కూర్చుని వేరే బండి చక్రం విప్పుతున్న బాబాయి పకపకా నవ్వాడు.

"మావాడి భాష అది, కంగారు పడకండి. వీడికి ఒక్క సంబంధమూ కుదరదు గానీ, కప్లర్లన్నిటికీ పెళ్లిళ్లు చేసిపెడుతుంటాడు."

బండిలో వైరూ వైరూ కలిసే ప్రతి చోటా ప్లాస్టిక్ కప్లరు ఒకటి ఉంటుంది. దానికి రెండు సగాలు. రెండూ కలిసి టక్కుమంటే కరెంటు పారుతుంది. కంపెనీవాళ్లు ఒకే రకం వైర్ల కట్టని చాలా మోడళ్లకి వాడేస్తారు. అందుకని ఈ బండికి లేని గడియారానికో, అదనపు దీపానికో ఉద్దేశించిన సగం కప్లరు ఏ జతా లేకుండా లోపల ఓ మూల పడి ఉంటుంది. టెస్టరు దానికి పెట్టిన పేరే బ్రహ్మచారి. వైరు రంగు చూసి, రంధ్రాలు చూసి, తాళం తిప్పినప్పుడు కరెంటు వస్తోందో లేదో చూసి దాన్ని పోల్చుకుంటాడు. తుక్కుకి పోయిన బళ్ల నుంచి తీసి దాచిన కప్లర్లు అతని దగ్గర డబ్బా నిండా ఉన్నాయి. అందులోంచి సరిపోయే జత వెతికి తగిలిస్తాడు. ఒక్క వైరు తెగదు, ఒక్క చుట్టు టేపు పడదు. చొక్కా జేబులో ఎప్పుడూ టెస్టరు పెట్టుకుని తిరగడం వల్ల షెడ్డులో అందరూ అతన్ని టెస్టరు అనే పిలుస్తారు. బాబాయి మాత్రం "ఒరేయ్" అంటాడు. టెస్టరు వాళ్ల నాన్నకి స్వయానా తమ్ముడు, అతనికి పని నేర్పినవాడు, తన ఇంటి మేడ మీద గదిలో ఉండనిచ్చి, పిన్ని చేత ఇద్దరికీ ఒకే క్యారియర్‌లో భోజనం కట్టించుకొచ్చేవాడు. అంతకంటే వేరే పిలుపు అతని నోటికి రాదు.

బాబాయి షూలు మార్చాడు. బ్రేకు పెడలు విప్పి, తుప్పు గీకి, గ్రీజు రాసి, మళ్లీ బిగించాడు. పెడలు కోసం ఊడదీసిన బ్రేకు లైటు స్విచ్చి వైరుని తిరిగి తగిలించాడు. ముందు బ్రేకుకి స్విచ్చే లేని పాతకాలం బండి అది. వెనక ఎర్రదీపం వెలగాలంటే ఈ పెడలు ఒక్కటే దిక్కు.

"ఒరేయ్, వెనక్కెళ్లి చూడరా," అని పెడలు నొక్కాడు.

"వెలిగింది బాబాయ్."

"మళ్లీ?"

"మళ్లీ వెలిగింది."

"అద్దీ," అని బాబాయి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

టెస్టరు తన పని మొదలుపెట్టాడు. సైడు ప్యానెలు స్క్రూ ఒకటి తుప్పు పట్టి కదల్లేదు. కొట్టి తీయొచ్చు. కానీ పెయింటరు అప్పటికే రెండుసార్లు గడియారం చూసుకున్నాడు, పైగా టెస్టరుకి చూడాల్సిన అవసరం లేదు, వేళ్లే చాలు. వచ్చిన సందులోంచి చెయ్యి దూర్చి, వైర్ల కట్ట పట్టుకుని కాస్త ఇవతలికి లాగాడు. లోపల ఏదో టిక్కుమంది. పాత క్లిప్పయ్యుంటుందనుకున్నాడు. ఇంకాస్త లాగితే రెండు రంధ్రాల తెల్ల కప్లరు ఒంటరిగా వేళ్లకి తగిలింది. బ్రహ్మచారులకి దుమ్ము పడకుండా కంపెనీవాళ్లు రబ్బరు టోపీ తొడిగి పంపుతారు. దీనికి లేదు. ఇంత పాత బండికి టోపీ ఎప్పుడో చీకిపోయి ఉంటుందనుకున్నాడు. తాళం తిప్పి చూస్తే కరెంటు వస్తోంది. డబ్బాలోంచి జత తీసి, ఛార్జరు వైరు దానికి బిగించి, తగిలించాడు. టక్కుమంది. పెయింటరు ఫోన్లో మెరుపు గుర్తు కనబడింది.

"చూశారా, కత్తి తగలకుండా!"

"చేతిలో పనుందయ్యా నీకు," అన్నాడు పెయింటరు.

ఆ మాట విని బాబాయి తనకే ఎవరో దండ వేసినంత సంబరపడ్డాడు. టెస్టరూ సంబరపడ్డాడు. పెడలు ఇంకోసారి నొక్కి చూడాలని మాత్రం ఎవరికీ తట్టలేదు.

*

వారం తిరక్కుండానే ఆ బండి ట్రాలీ ఎక్కి వచ్చింది. వెనక మడ్‌గార్డు లోపలికి నొక్కుకుపోయి చక్రాన్ని పట్టేసింది. వెనక దీపం అద్దం పగిలింది, లోపల బల్బు మాత్రం ఎలాగో బతికిపోయింది. పెయింటరు రాలేదు. మలుపు దగ్గర తోపుడుబండి అడ్డం వస్తే బ్రేకు వేశాడట, వెనకనించి వ్యాను వచ్చి గుద్దిందట. కుడిచేతి మణికట్టు విరిగింది. ముందు బండి ఆగుతున్నట్టు ఎర్రలైటు వెలగనే లేదని వ్యాను డ్రైవరు గుండె మీద చెయ్యేసుకుని చెబుతున్నాడట.

షెడ్డు ఓనరమ్మ గాజు తలుపు తోసుకుని బయటికి వచ్చింది. వాళ్ల నాన్న తర్వాత షెడ్డు నడుపుతున్న మనిషి. మాట కటువు, మనసు చెడ్డది కాదు. ఇప్పుడు ఆ కటువు మాటలో కోపం కంటే భయం ఎక్కువగా వినిపించింది.

"బ్రేకులు చేసి పంపింది మనమే. లైటు వెలగలేదంటే ఏంటర్థం? మనిషి కుడిచెయ్యి విరిగింది, ఆ చేత్తోనే ఆయన తిండి. టెస్టరూ, వైరింగు నువ్వే చూసి చెప్పు."

టెస్టరు ఈసారి తుప్పు స్క్రూని సుత్తితో కొట్టి తీశాడు. ప్యానెలు ఊడి చేతిలోకి వచ్చింది. వెలుతురు లోపల పడింది. ఒక్క చూపులో అంతా అర్థమైపోయింది. బ్రేకు స్విచ్చి నుంచి వచ్చిన సగం కప్లరు గాల్లో వేలాడుతోంది. దాని జత ఉండాల్సిన చోట తన ఛార్జరు కూర్చుంది. ఆ రోజు టిక్కుమన్నది క్లిప్పు కాదు. అసలు బ్రహ్మచారి ఇంకాస్త లోపల, నల్లటి రబ్బరు టోపీ పెట్టుకుని, చెక్కుచెదరకుండా ఉంది.

చేతులు వాటంతటవే పని చేశాయని తర్వాత తనకి తను చెప్పుకున్నాడు. అది నిజం కాదు. ఓనరమ్మ ఎటు చూస్తోందో కనిపెట్టి, ఆమె ఫోను ఎత్తేదాకా ఆగి, అప్పుడే చేశాడు. ఛార్జరు లాగి, అసలు బ్రహ్మచారి టోపీ తీసి, ఛార్జరుని దానికి తగిలించాడు. స్విచ్చి వైరుని మాత్రం అలాగే వేలాడనిచ్చాడు.

"ఏమైంది?" అంది ఓనరమ్మ ఫోను పెట్టేస్తూ.

"బ్రేకు స్విచ్చి కప్లరు ఊడిపోయి ఉందండీ."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఊడిపోయి ఉంది. ఎవరు ఊడదీశారో చెప్పనక్కర్లేకుండా వస్తువులు వాటంతటవే ఊడిపోయి, పగిలిపోయి, చిరిగిపోయేంత సౌకర్యం మన మాటల్లోనే ఉంది. గ్లాసు జారవిడిచిన పిల్లవాడు కూడా "పగిలిపోయింది" అనే అంటాడు. టెస్టరు పిల్లవాడు కాడు.

ఓనరమ్మ బాబాయి వైపు తిరిగింది. "పెడలు విప్పినప్పుడు స్విచ్చి వైరు తీశారా బాబాయ్?"

"తీశానమ్మా. మళ్లీ పెట్టాను."

"పెట్టారా?"

"పెట్టాననే..." బాబాయి ఆగి, టెస్టరు వైపు చూశాడు. "ఒరేయ్, నిన్ను వెనక్కెళ్లి చూడమన్నాను కదరా? వెలిగిందన్నావు?"

షెడ్డులో ఇంకెక్కడో రేడియో పాడుతోంది. టెస్టరు గుడ్డతో వేళ్లు తుడుచుకున్నాడు. తుడిచిన వేళ్లే మళ్లీ తుడుచుకున్నాడు.

"అడిగావేమో బాబాయ్. ఆ రోజు చాలా బళ్లున్నాయి కదా. సరిగ్గా గుర్తులేదు."

బాబాయి చూపులో అనుమానం ఉంటే బాగుండేది. కోప్పడినా బాగుండేది. జేబులో ఉందనుకున్న తాళంచెవి లేకపోయేసరికి మనిషి ఎలా నిలబడిపోతాడో అలా నిలబడిపోయాడు. పెదవులు కదిలాయి. ఆ రోజు చేసిన పనిని మొదటినించీ మనసులో మళ్లీ చేసుకుంటున్నాడు, ఒక చోటికి వచ్చేసరికి ఏమీ కనబడడం లేదు.

"అయితే వేరే బండికి అడిగానేమోలే," అన్నాడు చివరికి.

"నేను కోపంతో అనడం లేదు బాబాయ్," అంది ఓనరమ్మ. "ఇవాళ మణికట్టుతో పోయింది. బ్రేకులూ ఇంజనూ ఇకనించి వేరేవాళ్లు చూస్తారు. మీరు వాషింగు చూసుకోండి. వైరు సరిగ్గా ఆనలేదేమో, ముందు ఆ కళ్లు ఎవరికైనా చూపించుకోండి."

బాబాయి తల ఊపాడు. పీట దగ్గరికి వెళ్లి, సగం విప్పిన వేరే బండి నట్లని ఒక్కొక్కటే గిన్నెలో వేసి, పైన గుడ్డ కప్పాడు. తర్వాత చేసేవాడికి ఏదీ పోకూడదని.

*

బళ్లు కడిగే చోటు షెడ్డు వెనకాల. అక్కడ రబ్బరు పైపు పట్టుకుని, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, బాబాయి బళ్లు కడగడం మొదలుపెట్టాడు. అదీ శ్రద్ధగానే చేశాడు. చక్రం పుల్లల మధ్య పాత బ్రష్షు పెట్టి తోముతుంటే, ఎప్పుడూ వచ్చే కస్టమర్లు ఆగి, "ఇదేంటి బాబాయ్, ఇక్కడున్నావు?" అని అడిగేవాళ్లు. "ఎండ ఎక్కువగా ఉంది కదా, చల్లగా ఉంటుందని," అనేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు, ఆయనా నవ్వేవాడు. టెస్టరుకి ఆ నవ్వు వినిపించినప్పుడల్లా చేతిలో పని తప్పేది. ఒకసారి ఎర్ర వైరుని నల్లదాని చోట పెట్టి, ఫ్యూజు ఎగరగొట్టాడు.

ఓనరమ్మ ఇద్దరినీ పెయింటరుని చూసి రమ్మంది. బాబాయి దారిలో పళ్లు కొన్నాడు. పెయింటరు ఇల్లు మెట్ల కింద ఒక గది, గది నిండా రంగు డబ్బాలు. ఆయన మంచం మీద కూర్చుని, కట్టు కట్టిన కుడిచెయ్యి దిండు మీద పెట్టుకుని, ఎడమచేత్తో పాత క్యాలెండరు వెనక అక్షరాలు దిద్దుకుంటున్నాడు. అవి అటూ ఇటూ ఒరిగిపోయి ఉన్నాయి.

"నా వల్లే జరిగిందండీ," అన్నాడు బాబాయి, ఇంకా కూర్చోకుండానే. "స్విచ్చి వైరు తగిలించడం మరిచిపోయాను. ఎన్నేళ్లో ఈ పని చేశాను, ఎలా మరిచిపోయానో తెలియడం లేదు. క్షమించండి."

టెస్టరు గోడకి ఆనించిన నిచ్చెన వైపు చూస్తూ నిలబడ్డాడు.

"కూర్చోండి బాబాయ్. మేమూ ఎత్తు మీదెక్కి పెద్ద పెద్ద అక్షరాలే తప్పు రాస్తుంటాం," అన్నాడు పెయింటరు. "కాకపోతే మేం తుడుచుకుంటాం." నవ్వబోయి, చెయ్యి కదిలి, పళ్లు బిగించాడు. కాసేపటికి టెస్టరు వైపు తిరిగి, "అన్నట్టు, నీ ఛార్జింగు పాయింటు కూడా చూడు ఓసారి. పెట్టినప్పట్నించీ నత్తలా ఎక్కేది. ఉదయం పెడితే మధ్యాహ్నానికి సగం కూడా నిండేది కాదు," అన్నాడు.

"చూస్తాడులెండి. కరెంటు పనిలో వాడికి తిరుగులేదు," అన్నాడు బాబాయి.

గదిలోంచి బయటికి వచ్చి బాబాయి కొంచెం దూరం నడిచాడు. తర్వాత, "మంచాయన. తిట్టుంటే పోయేది," అన్నాడు. టెస్టరు ఒక అడుగు వెనకబడ్డాడు. ఇక్కడే చెప్పేయొచ్చు, రోడ్డు మీద ఎవరూ లేరు. చెబుదామని నోరు తెరిచాడు. "బస్సు వస్తోంది బాబాయ్," అన్నాడు.

కళ్ల డాక్టరు అద్దాలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, పెద్ద దోషమేమీ లేదన్నాడు. దగ్గరవి చదవడానికి అద్దాలు వాడితే చాలన్నాడు. బాబాయి ఆ మాట నమ్మలేదు. "కళ్లు కాకపోతే బుర్రన్నమాట," అన్నాడు పిన్నితో. అప్పట్నించీ ఇంట్లో ప్రతిదీ రెండుసార్లు చూడడం మొదలుపెట్టాడు. గడియ పెట్టి వచ్చి, మళ్లీ వెళ్లి లాగి చూసేవాడు. గ్యాసు కట్టేశానని పిన్ని చెప్పినా లేచి వెళ్లేవాడు. మొదట్లో పిన్ని విసుక్కుంది. తర్వాత విసుక్కోవడం మానేసింది, అది ఇంకా అన్యాయంగా అనిపించింది టెస్టరుకి.

"నువ్వు ఆయన పక్కనే ఉండబట్టి నాకు ధైర్యంగా ఉందిరా," అంది పిన్ని, క్యారియర్ చేతికిస్తూ. "ఏదైనా మరిచిపోతుంటే నువ్వు చూసి చెబుతూ ఉండు. నలుగురిలో అనకు. మెల్లిగా చెప్పు."

"అలాగే పిన్నీ," అన్నాడు.

ఆ సాయంత్రం బాబాయి తన పానాల సంచి తెచ్చి అతని ముందు పెట్టాడు. ముతక గుడ్డతో కుట్టిన సంచి. ఒక్కో పానాకి ఒక్కో అర. అరలన్నీ నూనె పట్టి ఆ పానా ఆకారానికే వంగిపోయి ఉన్నాయి. బాబాయి ఏనాడూ దాన్ని ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. ఎవరైనా ఒక పానా అడిగితే, పని చేసేదాకా పక్కనే నిలబడి వెనక్కి తీసుకునేవాడు.

"పైపు పట్టుకునేవాడికి ఇవెందుకురా? నీ దగ్గర ఉంటే ఎవడూ దొబ్బుకుపోడు. వాడకపోయినా అప్పుడప్పుడు నూనె తుడుస్తుండు."

"ఎందుకు బాబాయ్ ఇప్పుడు..."

"పుచ్చుకో. నేర్పినవాడి పానాలు నేర్చుకున్నవాడికి కాక ఎవరికిస్తాను?"

టెస్టరు సంచి పుచ్చుకున్నాడు. అంత సిగ్గు అతను ఎప్పుడూ ఎరగడు. మేడ మీద గదిలో దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. మంచం కింద పెట్టాడు, తీసి అలమరలో పెట్టాడు, అక్కడినించి తీసి కిటికీలో పెట్టాడు. ఎక్కడ పెట్టినా కనిపిస్తూనే ఉంది.

*

మర్నాడు ఓనరమ్మ గదిలోకి వెళ్లి నిలబడ్డాడు. ఆమె టీ తాగుతోంది.

"అది ఊడిపోలేదండీ. నేను ఊడదీశాను."

"ఏది?"

"పెయింటరు బండి స్విచ్చి కప్లరు. బాబాయి సరిగ్గానే తగిలించాడు. లైటు వెలగడం నేను చూశాను. ఆ తర్వాత నేను వైర్లు లాగినప్పుడు ఊడింది. ఖాళీ కప్లరనుకుని దానికే ఛార్జరు పెట్టేశాను."

ఓనరమ్మ కప్పు కింద పెట్టింది. కేకలేస్తుందనుకున్నాడు. వెయ్యాలని కోరుకున్నాడు. ఆమె అతన్ని చాలాసేపు చూసింది. చూస్తున్నకొద్దీ ఆమె మొహం మెత్తబడింది.

"ఛార్జరు వేరే కప్లరుకి ఉండడం నేను కళ్లారా చూశాను కదా."

"అది నేను తర్వాత మార్చానండీ. మీరు ఫోన్లో ఉన్నప్పుడు."

"ఊఁ. నేను ఫోన్లో ఉన్నప్పుడు!" ఆమె నవ్వింది. "టెస్టరూ, నీకు అబద్ధం చెప్పడం చేతకాదు. పని నేర్పిన మనిషి పైపు పట్టుకుంటే చూడలేక నింద నెత్తిన వేసుకుంటానంటున్నావు. సొంత కొడుకులే చెయ్యని రోజుల్లో." తలుపు తీసి గట్టిగా పిలిచింది. "బాబాయ్! ఇలా రండి, మీవాడు ఏమంటున్నాడో వినండి!"

బాబాయి తడి కాళ్లతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె చెప్పింది. చెబుతూ కళ్లు తుడుచుకుంది. విని బాబాయి టెస్టరు భుజం మీద తడిచెయ్యి వేశాడు.

"వద్దురా. నా తప్పు నువ్వు మొయ్యకు. నీకు ముందు చాలా పనుంది."

"నిజం బాబాయ్. నేనే."

"తెలుసులేరా," అని భుజం తట్టి వెళ్లిపోయాడు. అక్కడున్న వాళ్లందరూ టెస్టరు వైపు ఆప్యాయంగా చూశారు. ఒకాయన టీ తెచ్చి ఇచ్చాడు. నిజం చెప్పినా చెల్లని చోటికి తనని తనే తెచ్చుకున్నాడు టెస్టరు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ టీ తాగుతుంటే అతనికి కాస్త హాయిగా అనిపించింది. చెప్పాల్సింది చెప్పేశాను, నమ్మకపోతే నేనేం చెయ్యను అనిపించింది. ఆ హాయి మధ్యాహ్నం దాకా ఉంది. మధ్యాహ్నం, కడుగుతున్న బండి నుంచి ఊడిపడ్డ బోల్టుని బాబాయి తీసుకుని, ఏ సైజో తెలుసుకోవడానికి కంటికి దగ్గరగా పెట్టి, దూరంగా పెట్టి, చూపుడువేలితో తడిమి, చివరికి పక్కవాడి దగ్గరికి వెళ్లి, "ఇది పదే కదూ?" అని అడిగాడు. ఆ బోల్టుని చీకట్లో ముట్టుకుని సైజు చెప్పగలిగిన మనిషి. టెస్టరు లేచాడు.

"బాబాయ్, ఒక్కసారి రా."

"ఏంట్రా?"

"రా. నీ చేత్తో చూద్దువు గాని."

పెయింటరు బండి మూలన నిలబడి ఉంది. టెస్టరు ప్యానెలు తీశాడు. బాబాయి చూస్తుండగానే ఛార్జరుని బ్రహ్మచారి నుంచి లాగాడు. సరిచేసి పెట్టిన బ్రేకు స్విచ్చి కప్లరుని రెండుగా ఊడదీశాడు. వైర్ల కట్ట వైపు సగానికి ఛార్జరు తగిలించాడు. టక్కుమంది. తాళం తిప్పి, తన ఫోను గుచ్చాడు. మెరుపు గుర్తు వచ్చింది, పక్కనే ఛార్జింగు నెమ్మదిగా ఎక్కుతోందన్న మాటా వచ్చింది.

"పెయింటరు ఏమన్నాడు బాబాయ్, ఆ రోజు?"

"నత్తలా ఎక్కేదన్నాడు." బాబాయి మాట నెమ్మదించింది.

"కరెంటు ఛార్జరులోంచి దూరి, వెనక బ్రేకు బల్బులోంచి బయటికి పోతోంది. అందుకని రెండూ సగం సగమే. ఇప్పుడు బల్బు చూడు. చేతులు అడ్డం పెట్టుకుని చూడు."

మిట్టమధ్యాహ్నం. అంత వెలుతురులో అది కనబడుతుందన్న నమ్మకం టెస్టరుకే లేదు. బాబాయి వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. పగిలిన అద్దం చుట్టూ రెండు అరచేతులూ దోసిలిగా పెట్టి, కన్ను ఆనించాడు. ఊపిరి బిగబట్టాడు.

"కనిపిస్తోందిరా," అన్నాడు. "సన్నగా, ఎర్రగా, దారపు పోగంత. ఒరేయ్, కనిపిస్తోంది!" ఆ గొంతులో అంత సంతోషం టెస్టరు ఎన్నడూ వినలేదు. "నా కళ్లకేం కాలేదురా! అంత సన్నది కనబడింది చూడు!"

"పెడలు నొక్కుతున్నాను. ఏమైనా మారిందా?"

"లేదు. అలాగే ఉంది." సంతోషం ఇంకా మొహం మీదే ఉంది, దాని కిందనించి ఇంకొకటి వస్తోంది. బాబాయి దోసిలి తీశాడు. "అంటే ఆ రోజు నేను వైరు పెట్టాను."

"పెట్టావు."

"నిన్ను చూడమన్నాను."

"అన్నావు. రెండుసార్లూ వెలిగింది."

"గుర్తులేదన్నావు?"

"గుర్తుంది బాబాయ్. అప్పుడూ గుర్తుంది."

"ఇది నీ వల్లే ఊడిందని ఎప్పుడు తెలిసింది?"

"ప్యానెలు విప్పగానే."

పైపులోంచి నీళ్లు పారుతూనే ఉన్నాయి, ఎవరూ కట్టెయ్యలేదు. బాబాయి ఒక చెయ్యి నేలకి ఆనించి నెమ్మదిగా లేచాడు. టెస్టరు లేపబోతే ఆ చెయ్యి పట్టుకోలేదు. వెళ్లి ఓనరమ్మని పిలుచుకొచ్చాడు. "చూడమ్మా," అన్నాడు అంతే. మిగతాదంతా టెస్టరు మళ్లీ మొదటినించీ చెప్పుకోవాల్సి వచ్చింది. ఈసారి ఎవరూ కళ్లు తుడుచుకోలేదు.

"పెయింటరుకి కూడా నువ్వే వెళ్లి చెప్పు," అంది ఓనరమ్మ. "ఆయన ఏమంటే అది నువ్వే పడు."

వెళ్లి చెప్పాడు. పెయింటరు అంతా విన్నాడు. ఈసారి కూర్చోమనలేదు. "ఆ పెద్దాయన నా ఎదురుగా నిలబడి క్షమించమంటుంటే నువ్వు పక్కనే ఉన్నావు," అని మళ్లీ ఎడమచేత్తో అక్షరాలు దిద్దుకోసాగాడు.

అప్పటికి ఇంట్లోనూ సంగతి తెలిసిపోయింది. టెస్టరు పానాల సంచి కిందికి తెచ్చి బాబాయి మంచం పక్కన పెట్టాడు. పిన్ని ఎప్పటిలాగే పళ్లెం పెట్టి, అన్నీ వడ్డించింది గానీ, తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పే మనిషి ఇవాళ లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు బాబాయి తన పీట మీద కూర్చున్నాడు. పైపు ఇంకొకరి చేతికి వెళ్లింది. ముందు రోజు వేరేవాళ్లు సగంలో వదిలేసిన ఇంజను మీద గుడ్డ తీసి, దగ్గరివి చూడ్డానికి కొన్న కొత్త అద్దాలు పెట్టుకుని, పనిలో పడ్డాడు. టెస్టరు ఎదురుగా వేరే బండి హెడ్‌లైటు విప్పుతున్నాడు. ఏదో ఒకటి అంటాడని, తిడతాడని, చెయ్యెత్తినా ఎత్తుతాడని పొద్దుట్నించీ ఎదురుచూస్తున్నాడు. తిడితే కాళ్ల మీద పడదామని మాటలు కూడా సిద్ధం చేసుకున్నాడు.

బాబాయి రెండు చేతులూ ఇంజను లోపల ఉన్నాయి. తలెత్తకుండా అడిగాడు.

"కాస్త ఆ పదమూడు పానా ఇలా ఇస్తారా?"

టెస్టరు వెనక్కి తిరిగి చూశాడు. కస్టమరెవరైనా నిలబడ్డారేమో అనుకున్నాడు. ఎవరూ లేరు.

గాజు తలుపు దగ్గర నిలబడ్డ ఓనరమ్మ నవ్వింది. "ఏంటి బాబాయ్, మీవాడికి ఇవాళ అంత మర్యాద?"

"పెద్దవాడయ్యాడు కదమ్మా," అన్నాడు బాబాయి.

టెస్టరు పానా తీసి అందించాడు. బాబాయి పుచ్చుకుని, "థాంక్సండీ," అన్నాడు.